ల్యాంప్ రూం బావతో ఎడారికి

నా భార్య చనిపోయిన తొమ్మిదో నెలలో ఆమె అన్న ఎలక్ట్రిక్ కారు కొన్నాడు. ఈ రెండింటికీ సంబంధం ఏమీ లేదు. ఆమె బతికి ఉంటే మేమిద్దరం ఆ కారు ఎక్కేవాళ్ళం కాదని మాత్రం చెప్పగలను. తన అన్న కొన్న ఏ వస్తువు మీదా ఆమెకు నమ్మకం ఉండేది కాదు. ఆయన ఒక ఎండాకాలం తెచ్చిన కూలరు గురించి పదేళ్ళు మాట్లాడింది.

ఆమె గోదావరిఖనిలో మా కాలనీ బడిలో సైన్సు చెప్పేది. నేను బొగ్గుబాయి ఆఫీసులో గుమాస్తాగా చేశాను. ఆదివారం చర్చి అయ్యాక ఇద్దరం గోదావరి ఒడ్డుకు వెళ్ళేవాళ్ళం. నేను పుస్తకం చదువుకునేవాణ్ణి, ఆమె పక్షుల్ని చూసేది. చూడాలని ఉండీ చూడలేకపోయిన పక్షి ఆమెకు ఒకటే, బట్టమేక. నిలబడితే మనిషి నడుము దాకా వచ్చే పెద్ద పక్షి. ఒకప్పుడు మన దక్కన్ గడ్డిబీళ్ళలోనూ తిరిగేదట. ఇప్పుడు మిగిలిన కాసినిలో ఎక్కువ భాగం రాజస్థాన్ ఎడారిలో, జైసల్మేర్ దగ్గరి జాతీయ పార్కులో ఉన్నాయి.

"అది ఉన్నప్పుడే పోయి చూసొద్దాం" అనేది. వెళ్ళాలంటే చలికాలంలోనే వెళ్ళాలి. మొదటి చలికాలం నా రిటైర్మెంటు కాగితాల వల్ల ఆగాం. రెండోసారి మా అత్త కింద పడి తుంటి ఎముక విరగ్గొట్టుకుంది. మూడోసారి ఆమెకే జబ్బు చేసింది. దవాఖానలో చివరి రోజుల్లో ఆమె ఈ పక్షి మాటే ఎత్తలేదు. గ్యాసు బుక్ చేశావా, నల్లా కట్టేశావా అనే అడిగింది. చివరి కోరిక లాంటిది ఏదైనా చెప్పి ఉంటే నాకు కొంత సులువుగా ఉండేది. చెప్పలేదు కాబట్టి నాలుగో చలికాలం కూడా వెళ్ళకపోతే ఆ తప్పు ఇంక నా ఒక్కడిదే అవుతుంది. అందుకని దరఖాస్తు పెట్టాను. ఒక్క పూటకు అనుమతి దొరికింది. జనవరిలో ఒక శుక్రవారం, పది గంటల లోపు గేటు దాటాలి, పన్నెండుకు బయటికి రావాలి. ఆ రోజు తప్పితే ఈ చలికాలానికి ఇంక ఖాళీ లేదన్నారు.

రైలు టికెట్ల గురించి ఆరా తీస్తుంటే బావ వచ్చాడు.

"రైలెందుకు బావా? మన కారున్నది గదా."

ఆయన నన్ను బావా అంటాడు, నేను ఆయన్ని బావా అంటాను. మా వైపు అది మామూలే. దారి పొడుగునా ఉత్తరాది వాళ్ళు మాత్రం మా ఇద్దరి పేరూ ఒకటే అనుకున్నారు.

"అంత దూరం చార్జింగు దొరుకుతదా?" అన్నాను.

"దొరుకుతదా అని నన్నే అడుగుతున్నవా?" అన్నాడు.

ఆ మాట ఎందుకన్నాడో చెప్పాలి. బావ బొగ్గుబాయిలో ముప్పై ఒక్క ఏళ్ళు ల్యాంప్ రూంలో పనిచేశాడు. కార్మికుల నెత్తి మీది లైట్లకు చార్జింగు పెట్టే గది అది. షిఫ్టుకు వెళ్ళేవాడు తన నంబరున్న ఇత్తడి బిళ్ళ ఇచ్చి లైటు తీసుకుంటాడు. పైకి వచ్చాక లైటు అప్పగించి బిళ్ళ తీసుకుంటాడు. కొక్కేనికి బిళ్ళ మిగిలిందంటే మనిషి ఇంకా కింద ఉన్నాడని అర్థం. ముప్పై ఒక్క ఏళ్ళూ ఆయన ఒకటే రూలు మీద నడిచాడు. నిండా చార్జింగు లేని లైటు కిటికీ దాటదు. మేనేజరు అడిగినా దాటదు. బ్యాటరీ గురించి తనకు తెలియనిది ఇంక ఎవరూ చెప్పనక్కర్లేదని ఆయన నమ్మకం.

కారు విషయంలో ఆయన గర్వానికి ఇంకో కారణం, అది పొగ వదలదు. ఆ మాట ఆయన రామగుండం కరెంటు స్టేషను గొట్టాలు కనిపించే తన మేడ మీద నిలబడి చెప్పేవాడు.

ముగ్గురం బయల్దేరాం. నేను స్టీరింగు దగ్గర, పక్కన బావ, వెనక అక్క. అక్క అంటే బావ భార్య. ఆమె పక్కన చుడువ డబ్బా, సర్వపిండి మూట, మామిడికాయ తొక్కు సీసా. నేను నడపడానికి కారణం, బావకు డ్రైవింగు మీద ఆసక్తి లేదు. ఆయన ఆసక్తి అంతా చార్జింగు మీదే. జోధ్‌పూర్, జైసల్మేర్ అని చెబితే పొరపాటున ఎవరో జైపూర్ అని విన్నారు. మంచిర్యాల దగ్గరి జైపూర్‌కు ఇంత సామాను ఎందుకని కాలనీ అంతా అడిగింది.

కదిలే ముందు అక్క వెనక నుంచి చేయి చాపి డ్యాష్‌బోర్డు మీద పెట్టి ప్రార్థన మొదలుపెట్టింది. ముందు టైర్లకు ఒకటి, వెనక టైర్లకు ఒకటి, బ్రేకులకు విడిగా. హైవే మీద లారీ డ్రైవర్లందరి మెలకువ కోసం ఇంకొకటి.

"ప్రభువుకు అన్నీ ఎరికేనే, ఇగ పోనియ్యి" అన్నాడు బావ.

"నీ కారుకు నిండా చార్జింగు గావాలె, నా ప్రార్థనకు సగం జాలునా?" అంది అక్క. కళ్ళు తెరవలేదు.

చంద్రాపూర్ దాటి నాగపూర్ చేరేసరికి మొదటి చార్జింగు. అక్కడే మొదటి తగాదా కూడా. ఈ కార్లకు ఒక లక్షణం ఉంది. ఎనభై శాతం దాకా చకచకా ఎక్కుతుంది. తర్వాతి ఇరవైకి, అంతకు ముందు పట్టినంత సేపూ పడుతుంది. అందుకే అందరూ ఎనభైకి తీసేసి వెళ్ళిపోతారు. కారుతో వచ్చిన పుస్తకంలో కూడా ఆ మాటే ఉంది. నేను దాన్ని రెండుసార్లు చదివాను. బావ అట్ట కూడా తెరవలేదు.

ఎనభై రెండు దగ్గర వెనక టాక్సీ డ్రైవరు హారన్ కొట్టాడు. ఎనభై ఆరు దగ్గర దిగి వచ్చాడు.

"అంకుల్, హో గయా. నికాలో."

"నై హువా" అన్నాడు బావ. "సౌ హోనా."

"సౌ కౌన్ కర్తా హై?" నూరు దాకా ఎవరు పెడతారని.

ఆ ప్రశ్న కోసమే ఆయన ఎదురుచూస్తున్నట్టున్నాడు. గోదావరిఖని హిందీలో ల్యాంప్ రూం గురించి మొదటి నుంచీ చెప్పాడు. బిళ్ళలు, కొక్కేలు, మూడు షిఫ్టులు, మేనేజరుకు కూడా లైటు ఇవ్వని సంగతి. డ్రైవరు చాలాసేపు విన్నాడు. తర్వాత నా దగ్గరికి వచ్చి, ఈయన ఇంటి నుంచి చెప్పకుండా వచ్చేశారా అని మెల్లగా అడిగాడు. అప్పటికి తొంభై ఒకటి అయింది. వెనక ఇంకో రెండు కార్లు చేరాయి. అక్క దిగి ఆ రెండు కార్ల వాళ్ళకు చుడువ పంచింది. గొడవ కాస్త చల్లబడింది. నూరు అయ్యాక బావ కారుకు గుచ్చిన చార్జింగు గన్ను తీసి, మూతి తుడిచి, కొక్కేనికి తగిలించి, రెండడుగులు వెనక్కి వేసి చూసుకున్నాడు.

బిళ్ళలు కూడా వెంట తెచ్చాడని నాకు బేతుల్ దగ్గర తెలిసింది. టీ తాగడానికి దిగుతుంటే మా ముగ్గురికీ తలా ఒక ఇత్తడి బిళ్ళ ఇచ్చాడు. కారు దిగేవాళ్ళు బిళ్ళ తనకు ఇవ్వాలి, తిరిగి ఎక్కేటప్పుడు తీసుకోవాలి. ఎవరూ దారిలో మిగిలిపోకుండా ఈ ఏర్పాటు. ముగ్గురు మనుషులకు ఇది అవసరమా అంటే, ముగ్గురైతే మర్చిపోవడం ఇంకా సులువన్నాడు. నేను ఇచ్చి వెళ్ళాను, ఆయన దాన్ని కిటికీ పైనున్న కొక్కేనికి తగిలించాడు. తిరిగి వచ్చి ఎక్కి, బెల్టు పెట్టుకుని, కారు స్టార్టు చేశాను.

"ఆగు. నువ్వు ఇంకా రాలె" అన్నాడు.

"ఏంది బావా, నీ పక్కకే కూసున్న గదా."

"నీ బిళ్ళ కొక్కానికే ఉన్నది. లెక్క ప్రకారం నువ్వు బయటున్నవ్."

"మరి కారు నడిపేదెవరు?" అంది అక్క వెనక నుంచి. "దయ్యమా?"

నేను బిళ్ళ తీసుకున్నాక బయల్దేరాం.

ఆయన ఇంకో అలవాటు, ప్రతి చార్జింగు దగ్గర అక్కడి వాళ్ళను మీ కరెంటు ఎక్కడిది అని అడగడం. ఎవరికీ తెలియదు. ఇండోర్‌లో ఒకతను సూర్యుడిదన్నాడు. బావ ఆకాశం వైపు చూసి నవ్వాడు. "మబ్బు పడితే గీయన లైటు ఆరిపోతది. మనది గట్ల గాదు, బొగ్గు. పొద్దు లేదు రాత్రి లేదు" అని నాతో అన్నాడు. పొగ రాని కారు కొన్నవాడు ఆ మాట అనడంలో తప్పేముందో ఆయనకు తోచలేదు. నేనూ చెప్పలేదు. నా ముప్పై ఏళ్ళ జీతం కూడా ఆ బొగ్గులోంచే వచ్చింది.

ఇంతవరకూ మాకు చేతిలో ఒక రోజు ఎక్కువే ఉంది. అది రత్లాం దగ్గర పోయింది. మేము నమ్ముకుని వెళ్ళిన హోటల్లో చార్జింగు పెట్టె పాడై ఉంది. వంటగది వెనక ఫ్రిజ్ సాకెట్టు ఒకటి ఇస్తామన్నారు. అది మా ఇంటి నల్లా లాంటిది, ధార సన్నం. పొద్దున లేచి చూస్తే యాభై ఎనిమిది ఎక్కింది. తర్వాతి పెద్ద స్టేషనుకు అది సరిపోయి మిగులుతుంది. లెక్క వేసి కాగితం మీద చూపించాను.

"కాగితం మీద అన్నీ నడుస్తయి" అన్నాడు బావ.

"శుక్రవారం పొద్దుగాల అక్కడ ఉండాలె బావా."

"ఉంటం. ఫికర్ జెయ్యకు."

ఆ రోజంతా అక్కడే కూర్చున్నాం. హోటలు వాళ్ళు మిక్సీ వేసినప్పుడల్లా ఫ్యూజు పోయేది. బావ వెళ్ళి సరిచేసి వచ్చేవాడు. మధ్యాహ్నానికి వంటవాళ్ళు ఆయన్ని అడిగే మిక్సీ వేయడం మొదలుపెట్టారు. చట్నీ లేని ఇడ్లీ తింటూ నేను కోపం తెచ్చుకోవడానికి ప్రయత్నించాను. నాకు కోపం పెదవి దాకా రాదు. మా ఇంట్లో ఆ పని ఆమె చూసుకునేది. ఆమె ఉంటే ఉదయం ఏడింటికే ప్లగ్గు తీసి ఉండేది, వాళ్ళ అన్న ఒక గంట అలిగి ఉండేవాడు, అందరం మధ్యాహ్నానికి ఉదయ్‌పూర్‌లో ఉండేవాళ్ళం. మనిషి పోతే ఇంట్లో ఏయే పనులు ఆగిపోతాయో ఒక్కసారిగా తెలియదు. ఇది నాకు రత్లాం దగ్గర తెలిసింది.

సాయంత్రం నూరు అయింది. బయల్దేరాం.

శుక్రవారం ఉదయం ఎనిమిదింటికి జైసల్మేర్ చేరాం. కారులో ఇరవై ఎనిమిది శాతం ఉంది. పార్కు ఇంకా గంట దూరం, అక్కడ చార్జింగు లేదు. ఊరి చివర స్టేషనులో ప్లగ్గు పెట్టాం. చలి బాగా ఉంది. అక్క స్వెటరు మీద శాలువ, శాలువ మీద బావ తువ్వాల కప్పుకుంది. నేను గడియారాన్నీ స్క్రీన్‌నూ మార్చి మార్చి చూస్తూ నిలబడ్డాను. యాభై. అరవై. ఎనిమిది నలభైకి డెబ్బై ఒకటి.

"బావా, పోదాం పా."

"ఇంకా ఇరవై తొమ్మిది ఉన్నది."

"పోనికి ఇరవై, రానికి ఇరవై. ముప్పై మిగుల్తది. పదింటికి గేటు బంద్ చేస్తరు."

"ఎడారి బావా అది. నడుమల ఆగిపోతే అడిగేటోడుండడు."

"అక్కడ ఊర్లున్నయి. జనం ఉన్నరు."

"సగం చార్జింగుతోని నేను ఎవ్వన్నీ బాయిలకు దింపలె" అన్నాడు. "నిన్ను దింపుతనా?"

కారు తలుపు తెరిచి చార్జింగు లాకు తీశాను. వెనక్కి నడిచి వచ్చి యంత్రం మీది ఎర్ర బటన్ నొక్కాను. గన్ను పట్టుకుని లాగాను. అది ఇంత బరువుంటుందని అనుకోలేదు, చేయి జారి నా కాలి మీద పడింది. బావ నోరు తెరిచి చూశాడు. నలభై ఏళ్ళలో నేను ఆయన మాట కాదనడం అదే మొదలు. కుంటుకుంటూ వెళ్ళి స్టీరింగు దగ్గర కూర్చున్నాను.

"ఎక్కుతవా, నీ బిళ్ళ ఈడ్నే పెట్టి పోవాల్నా?" అంది అక్క. ఆయన ఎక్కాడు.

ఆ ఉదయం ఆమె ప్రార్థన ఒకే వాక్యం. "ప్రభువా, నువ్వు జూస్తనే ఉన్నవ్" అని ఆమెన్ అనేసింది.

ఊరు దాటాక రోడ్డు తిన్నగా సాగింది. రెండు వైపులా ఎర్రటి నేల, ముళ్ళ పొదలు, దూరంగా గాలిమరలు. బావ కిటికీ వైపు తిరిగి కూర్చున్నాడు. హీటరు ఆపేశాడు, రేడియో ఆపేశాడు, అక్క ఫోను చార్జింగుకు పెడితే దాన్నీ పీకేశాడు. కాసేపటికి అక్క నాతో మాట్లాడింది, ఆయన అక్కడ లేనట్టే.

"నీకు ఎరుక లేదు తమ్మీ. ఒక్కపారి ఇచ్చిండు ఈయన. ఇరవై ఏండ్లాయె. ఒకతను ఉరుక్కుంట వచ్చి, షిఫ్టు పోతది కాకా, ఏదున్నా ఇయ్యి అని కాళ్ళు పట్టుకున్నంత పనిజేసిండు. రెండు గంటలు చార్జింగు పెట్టిన లైటు ఇచ్చిండు. అది లోపల ఆరిపాయె. లైటు ఆరితే కదలకుండ కూసోవాలె గదా, అతను గట్లనే కూసున్నడు. షిఫ్టు అయినంక బిళ్ళ ఒక్కటి కొక్కానికి మిగిలింది. అప్పుడు వెతికిన్రు."

"ఏమైంది?" అన్నాను.

"ఏం గాలె. గోడకు ఆనుకొని నిద్రపోతున్నడు. లేపితే, అప్పుడే అయిపాయెనా షిఫ్టు అన్నడట. ఆయన నిద్ర ఆయన పోయిండు. ఈయనకే అప్పటి సంది నిద్ర లేదు."

బావ కిటికీ వైపు నుంచి తిరగలేదు. "యాభై తొమ్మిది" అన్నాడు.

గేటు దగ్గరికి తొమ్మిది యాభైకి చేరాం. గార్డు కాగితాలు చూశాడు. ఇద్దరికి కదా అనుమతి, ముగ్గురున్నారేమిటన్నాడు. నిజమే. దరఖాస్తులో నేను ఇద్దరి పేర్లు రాశాను. మూడేళ్ళ నుంచి నా దగ్గరున్న పాత దరఖాస్తు చూసి నింపాను. రెండో పేరు ఆమెది. ఇంటి దగ్గర నాలుగుసార్లు సరిచూసుకున్న కాగితం అది.

నాకు హిందీ రాదని కాదు. ఆ క్షణంలో ఏ భాషా రాలేదు. బావే దిగి గార్డు దగ్గరికి వెళ్ళాడు. ఏం చెప్పాడో నాకు పూర్తిగా వినపడలేదు. "మేరీ బహన్", మా చెల్లెలు, అన్న మాట రెండుసార్లు వినపడింది. గార్డు నా వైపు ఒకసారి చూశాడు. రిజిస్టరులో ఒక పేరు కొట్టేసి ఇంకో రెండు రాశాడు. వచ్చి ముందు సీటులో కూర్చున్నాడు. బావ వెనక అక్క పక్కకు మారాడు.

గడ్డి మోకాలి ఎత్తున, ఎండిన రంగులో, కనుచూపు మేర. గంటసేపు తిరిగాం. ఎడారి జింకలు కనిపించాయి. రాబందు ఒకటి కనిపించింది. ఒక దగ్గర నల్లగా కదులుతుంటే అక్క ప్రభువుకు స్తోత్రం చెప్పింది. అది గొర్రెల కాపరి గొడుగు. పదకొండు దాటింది. ఇవాళ గాలి ఎక్కువ, కనపడకపోవచ్చు అన్నాడు గార్డు. జీపుల చప్పుడుకే అవి ఎక్కడికో పోతాయని కూడా అన్నాడు.

మరో మలుపు తిరిగాక గార్డు నా మోచేతి మీద వేలు పెట్టాడు. ఆపాను.

ఎడమ పక్కన, క్రికెట్ పిచ్ పొడవుకు రెండింతల దూరంలో ఉంది. గోధుమ రంగు వీపు, తెల్లటి పొడుగాటి మెడ, నెత్తి మీద నల్ల టోపీ. తల కొంచెం పైకెత్తి నడుస్తోంది. రెండడుగులు వేయడం, ఆగడం, గడ్డిలోంచి ఏదో తినడం. మా కారు చప్పుడు చేయదు కాబట్టి మమ్మల్ని పట్టించుకోలేదు. జీపయితే ఈపాటికి ఎగిరిపోయేదని గార్డు గుసగుసగా అన్నాడు. వెనక సీటులో బావ సర్దుకుని కూర్చోవడం నాకు అద్దంలో కనిపించింది.

"మన బడి హెడ్‌ మాస్టరు నడిచినట్టే ఉన్నది" అంది అక్క.

నేను చూస్తూ కూర్చున్నాను. ఆమె తరఫున చూస్తున్నానని అనుకుంటూ పద్దెనిమిది వందల కిలోమీటర్లు వచ్చాను. కొద్దిసేపయ్యాక గమనించాను, నాకే బాగుంది. ఆ పక్షి బాగుంది, ఎండ బాగుంది, కాలి నొప్పి కూడా అంతగా లేదు. దవాఖాన నుంచి వచ్చిన తర్వాత నాకు బాగుండటం అదే మొదటిసారి. అది తెలియగానే సిగ్గేసింది. ఇంక చాలు, వెళ్ళిపోవాలనిపించింది. గార్డు కూడా అప్పుడే గడియారం చూసి టైం అవుతోందన్నాడు.

"చూసినం గదా. పోదాం" అన్నాను.

"ఏడికి పోతవ్?" అన్నాడు బావ. "అది ఇంకా ఆడ్నే ఉన్నది. మా చెల్లె అయితే లేస్తుండెనా?"

గేరు మీద పెట్టిన చేయి తీశాను.

బావ పక్కనున్న అక్క భుజం మీది తువ్వాల తీసుకుని, ముందుకు వంగి, శాతం చూపించే స్క్రీన్ మీద కప్పాడు. నాలుగు మూలలూ సరిచేశాడు. తర్వాత గార్డుతో ఎంతో మర్యాదగా అన్నాడు.

"భాయ్ సాబ్, చార్జింగ్ ఖతం. గాడీ నై చల్తీ."

గార్డు ఆయన వైపు చూశాడు. తువ్వాల అంచు ఎత్తాడు. కింద నలభై ఏడు అని ఆకుపచ్చగా వెలుగుతోంది. అందరం దాన్ని చూశాం. గార్డు అంచు మళ్ళీ కప్పేసి, గడియారం ఉన్న చేతిని జేబులో పెట్టుకున్నాడు.

"తో ఫిర్ క్యా కరేఁ" అన్నాడు, ఇంకేం చేస్తామన్నట్టు. "బైఠో."

కూర్చున్నాం. పక్షి ఒక పొద దాకా నడిచి, పొదలో ఏమీ లేదని తేల్చుకుని, మా వైపు నాలుగడుగులు వచ్చింది. అక్క చుడువ డబ్బా మూత చప్పుడు కాకుండా తీసి ముందు గార్డుకు ఇచ్చింది.